బుధవారం సాయంత్రం మా ఆయన కోపం

మా ఆయన చలపతికి కోపమే రాదని మా బంధువులంతా అంటారు. నిజమే, ఇంట్లో రాదు. పప్పులో ఉప్పు మరిచిపోయినా మాట్లాడకుండా తినేసి లేస్తాడు. కౌన్సిల్ వాళ్లు చెత్తడబ్బా ఖాళీ చెయ్యకుండా వెళ్లిపోతే ఫోన్ చేసి దులిపేది నేను. పక్కింటతను మా గేటుకు అడ్డంగా వ్యాన్ పెడితే వెళ్లి తలుపు కొట్టేది నేను. ఆయన మాత్రం తన కోపమంతా దాచుకుని దాచుకుని, బుధవారం సాయంత్రం ఆరింటికి షెఫీల్డ్ లోకల్ రేడియోలో వచ్చే ఫుట్‌బాల్ ప్రోగ్రాంలో కక్కుతాడు. ఊరంతా వింటుంది. మా పేట పేరు వాక్లీ. 'వాక్లీ నుంచి చలపతి' అంటే మా వీధి చివర చిప్స్ అమ్మేవాడికి కూడా తెలుసు.

నేను ఆయన భార్యను, శివపార్వతిని. ఆయన్ని మెచ్చుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు. కోపం తీరక చెబుతున్నాను.

మాది నంద్యాల. ఇంగ్లండులో ఈ ఊరికొచ్చి ఇరవయ్యేళ్లు దాటింది. ఆయన ఈ ఊరి యూనివర్సిటీలోనే ఎమ్మెస్సీ చేశాడు, ఈ ఊరి ఆసుపత్రిలోనే ఐటీ విభాగంలో చేరాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు, ప్రింటర్ మొరాయించినవాళ్లు ఆయనకు ఫోన్ చేస్తారు. డాక్టర్లూ చేస్తారు, రిసెప్షన్ వాళ్లూ చేస్తారు. అందరిదీ ఒకటే తొందర. పని కాగానే పెట్టేస్తారు. ఇన్నేళ్లలో ఒక్కరైనా ఆయన్ని 'దీని గురించి నువ్వేమనుకుంటున్నావు?' అని అడిగి ఉండరు. రేడియో అడిగింది. దాంతో మనిషి రేడియోకి అమ్ముడుపోయాడు.

ఆ ప్రోగ్రాం నడిచే పద్ధతి చెప్పాలి. దాన్ని నడిపే పెద్దమనిషి డెరెక్. ఫోన్ చేయగానే ఆయన ఎత్తడు. ముందు ఒక అమ్మాయి ఎత్తుతుంది. పేరేమిటి, ఏ ఏరియా, ఏం చెబుతారు అని అడిగి, చివర్లో నవ్వుతూ ఇంకో ప్రశ్న వేస్తుంది. “ఎంత కోపంగా ఉన్నారు, లవ్?” ఇక్కడ బస్సు డ్రైవరు దగ్గర్నుంచి అందరూ అందరినీ లవ్ అనే పిలుస్తారు, దానికేం గాని, ఆ ప్రశ్న మాత్రం ఊరికే అడిగేది కాదు. మండిపోతున్నానంటే వెంటనే కలుపుతారు. నిదానంగా ఒక మాట చెప్పాలి అంటే లైన్లో ఉండమంటారు. ఉండమంటూనే ఉంటారు. ఈ సంగతి మా ఆయన మొదటి నెలలోనే కనిపెట్టాడు. అప్పటినుంచి ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు హాల్లో అటూ ఇటూ తిరిగి, పొయ్యి మీద పాలు పొంగించినట్టు కోపం పొంగించుకునేవాడు. నేను వంటింట్లోంచి చూసి నవ్వుకునేదాన్ని. నవ్వినందుకు ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

ఊళ్లో రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. ఫోన్ చేసేవాళ్లంతా వాటి గురించే అరుస్తారు. ఆ అరుపుల్లో మా ఆయన అరుపు ఏపాటిది? డెరెక్ రెండు ముక్కలు విని తర్వాతి వాళ్లకు వెళ్లిపోయేవాడు. ఈయనకంటూ ఒక జట్టు కావాలి. అదీ దొరికింది.

ఇక్కడ యూనివర్సిటీ ఆటలు బుధవారం మధ్యాహ్నం జరుగుతాయి. ఆ పూట పిల్లలకు క్లాసులుండవు. చూడ్డానికీ ఎవరూ ఉండరు. ఆడేవాళ్ల తల్లిదండ్రులు నలుగురు, కుక్కను తిప్పడానికొచ్చి ఆగిపోయినవాళ్లు ఇద్దరు, అంతే. ఒక బుధవారం మా ఆయన సగం పూట లీవు పెట్టి పన్ను పీకించుకుని, అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడుతున్న మైదానం పక్కనుంచి నడిచొస్తున్నాడు. తెలుగులో కేక వినబడింది. “వదిలెయ్! వదిలెయ్!” అని. గోల్ ముందు నిలబడి ఒక తెలుగమ్మాయి అరుస్తుంటే, ముగ్గురు ఇంగ్లీషు పిల్లలు బంతిని ముట్టకుండా పక్కకు తప్పుకున్నారట. కుడి, ఎడమ, జరుగు, వదిలెయ్. అవతలి జట్టుకు అర్థం కాకుండా ఉండాలని ఆ పిల్ల తన వాళ్లకు ఈ మాటలు నేర్పేసింది. మా ఆయన ఆట అయ్యేదాకా అక్కడే నిలబడిపోయాడు. సగం నోరు మొద్దుబారి మాట రాకపోయినా చప్పట్లు కొట్టి, ఆ పిల్లను మర్నాడే మా ఇంటికి భోజనానికి పిలిచాడు.

మధులిక అలా మా ఇంటికి వచ్చింది. వాళ్లది కరీంనగర్ పక్కన పల్లె. గురుకులంలో చదివేటప్పుడు హ్యాండ్‌బాల్‌లో గోల్‌కీపర్. ఇక్కడ మాస్టర్స్ చేస్తోంది. శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి ఒక కేర్ హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే పని. స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలే పని చెయ్యాలి. రాత్రికి పది చొప్పున రెండు రాత్రులు, సరిగ్గా ఇరవై. తర్వాత రావలసిన మనిషి ఆలస్యమైతే ఇంకో గంట ఉండమని మేనేజర్ బతిమాలినా ఉండేది కాదు. “ఒక్క గంట ఎక్కువైనా నా చదువు పోతది ఆంటీ” అనేది. ఆ పిల్ల అంత జాగ్రత్త మనిషి.

మా ఆయనకు పిచ్చి పట్టింది. ప్రతి బుధవారం సగం పూట లీవు. జట్టు రంగుల్లో స్కార్ఫ్. సాయంత్రం ఆరింటికి ఫోన్. “ఈ ఊరి పిల్లలు అంత బాగా ఆడుతుంటే మీ ప్రోగ్రాంలో స్కోరు కూడా చదవరా?” అని డెరెక్‌ను నిలదీశాడు. యూనివర్సిటీ అమ్మాయిల జట్టు గురించి ఇంత కోపంగా మాట్లాడే మనిషి ఇంగ్లండులో ఇంకొకడు దొరకడని డెరెక్‌కు అర్థమైంది. వారం వారం కలపడం మొదలుపెట్టాడు. స్కోరు చదివాడు. చూసేవాళ్లు పెరిగారు కూడా. ఆ మాట ఒప్పుకోవాలి. మైదానంలో జనం కనబడ్డ రోజు మధులిక మా ఆయన వైపు చూసి చెయ్యూపిందట. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పాడు.

మార్చిలో సెమీఫైనల్ వచ్చింది. ఆ ముందురోజు మధులిక వాళ్లింట్లో ఇల్లు వెచ్చగా ఉంచే బాయిలర్ చెడిపోయింది. ఆ చలిలో పడుకోలేక మా ఇంటికొచ్చింది. మేడ మీద గదిలో పక్క వేశాను. పొద్దున తొమ్మిది దాటాక నేనే లేపాను. ఇడ్లీ తింది, ఇంకో రెండు పెట్టించుకుంది, మా ఆయన కారులో మైదానానికి తీసుకెళ్లాడు. ఇదంతా గుర్తు పెట్టుకోండి.

ఆట చివర్లో మామూలు బంతి ఒకటి నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. మధులిక వంగింది, పట్టుకోబోయింది, బంతి కాళ్ల మధ్యనుంచి లోపలికి పోయింది. ఒక్క గోలుతో ఓడిపోయారు.

సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. రేడియో పెట్టి ఉంది. ఆ జట్టులో ఒకమ్మాయి తండ్రి ఫోన్ చేసి, గోల్‌కీపర్ నిద్రపోతోందా ఏమిటి అని వెటకారం చేశాడు. హాల్లో మా ఆయన అప్పటికే లైన్లో ఉన్నాడు. ఈసారి కోపం పొంగించుకోవలసిన అవసరం రాలేదు. డెరెక్ కలిపాడు.

“నిద్రా? ఆ పిల్ల నిద్రపోయి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు? వారానికి నలభై గంటలు కేర్ హోమ్‌లో రాత్రిపూట పనిచేస్తుంది. నలభై! మీ అమ్మానాన్నల్ని ఎత్తి పడుకోబెట్టేది అలాంటి పిల్లలే. ఇవాళ పొద్దున డ్యూటీ దిగి, కన్ను మూయకుండా నేరుగా ఆటకొచ్చింది. నేనే కారులో దింపాను!”

నేను గరిటె పట్టుకుని హాల్లోకి పరుగెత్తాను. ఆగమని సైగ చేస్తే, నన్నే ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. కళ్లు మెరిసిపోతున్నాయి. డెరెక్ “బాగా చెప్పావు, చలపతీ” అంటున్నాడు. ఆ క్షణంలో ఆ మనిషికి పెళ్లాం కనబడలేదు, మధులిక కూడా కనబడలేదు.

“నలభై యాడిది? ఆ పిల్ల చేసేది ఇరవై కదా?” అన్నాను ఫోన్ పెట్టాక.

“ఊరికే అన్నాలే పార్వతీ. అట్ల చెప్తే గానీ వాళ్లకు ఎక్కదు.”

ఊరికే అన్నాడట! మనవాళ్లకు ఒకరిని పొగడాలంటే ఉన్నది చాలదు. మా నంద్యాలలో పిల్లవాడికి పదో ర్యాంకు వస్తే మేనమామ ఫస్టు ర్యాంకని చెబుతాడు. అల్లుడు ఆఫీసులో గుమాస్తా అయితే అత్తగారు ఆఫీసరంటుంది. అక్కడ దానివల్ల నష్టం లేదు. వినేవాడు మనసులో సగానికి కోసుకునే వింటాడు, లెక్క సరిపోతుంది. ఇక్కడ ఎవరూ కోసుకోరు. నలభై అంటే నలభై అనే రాసుకుంటారు. ఇరవయ్యేళ్లుగా ఈ దేశంలో ఉన్నవాడికి ఆ మాత్రం తెలియదా?

ఆ మాటల్ని రేడియో వాళ్లు ముక్కగా కత్తిరించి నెట్‌లో పెట్టారు. మన తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపులో బాపురావు గారు దాన్ని పంచి, 'మన చలపతి దుమ్ము దులిపేశాడు' అని రాశారు. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ఆ గ్రూపులో సగం మంది ఒకప్పుడు స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లే. నలభై గంటలంటే ఏమవుతుందో ప్రతివాడికీ తెలుసు. ఒక్కడు కూడా 'తీసెయ్యండి, ఆ పిల్లకు ప్రమాదం' అనలేదు. మన మనిషి రేడియోలో ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడాడు, అంతే, కడుపు నిండిపోయింది వాళ్లకు. తీసెయ్యమని నేను రాస్తే బాపురావు గారు నవ్వు బొమ్మ పెట్టారు.

రెండు రోజుల్లో మధులికకు యూనివర్సిటీ వీసా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. కేర్ హోమ్ మేనేజర్ ఆమె పేరును డ్యూటీల పట్టీ నుంచి తీసేసింది. మధులిక నేరుగా మా ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. మా ఆయన సోఫాలోంచి లేచాడు.

“పేస్లిప్పులు చూపించిన అంకుల్. ఇరవై గంటలే ఉన్నయ్. అయితే ఇంకో దగ్గర చేతికి పైసలు తీసుకొని పని చేస్తున్నవా అని అడుగుతున్నరు. ఆ రేడియోల మాట్లాడినాయన నిన్ను కారుల దింపిండట కదా, ఆయనకు అన్నీ తెలుసు కదా అంటున్నరు. చెయ్యని పని చేస్తలేనని ఎట్ల చూపియ్యాలె నేను?”

“నువ్వేం భయపడొద్దమ్మా,” అన్నాడు మా ఆయన. “బుధవారం రానీ. వాళ్లను రేడియోలో నేను వదల్ను. యూనివర్సిటీ పరువు తీసేస్తా.”

నాకు ఒళ్లు మండిపోయింది. చేతికందిన స్కార్ఫ్ తీసి ఆయన మీదికి విసిరాను. “మళ్లీ రేడియోనా? నోరు తెరిచి చేసింది చాలదా? నువ్వు పోయి ఆ ఆఫీసులో నేను అబద్ధం చెప్పినానని చెప్పు. రేడియోలో అదే మాట చెప్పు. ఇంకేం మాట్లాడొద్దు.”

“అబద్ధం చెప్పినానని తెలిస్తే మళ్లీ నాకు లైను కలుపుతారా పార్వతీ?”

ఆ మాట ఆ పిల్ల ముందే అన్నాడు. మధులిక ఆయన వైపు తిరిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“నేను ఆ రోజు మంచిగ నిద్రపోయిన అంకుల్. ఆంటీ ఇడ్లీ పెట్టింది. కడుపునిండ తిని ఆడిన. ఆ గోల్ నా తప్పు. బంతి మీద నుంచి కన్ను తీసిన, పోయింది. వచ్చే ఆటల నేను సరిజేసుకుందును. నా తప్పు గూడ నాకు లేకుండ చేసిండ్రు మీరు. ఇప్పుడు ఊరందరికీ నేను పాపం నిద్రలేని పిల్లని. నేను గోల్‌కీపర్ని అంకుల్.”

తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయింది. ఆ రాత్రి మా ఆయన అన్నం తినలేదు. నేను తినమని అడగలేదు.

సోమవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వీసా ఆఫీసుకు వెళ్లాడు. నేనూ వెళ్లాను, దారిలో మనసు మార్చుకుంటాడేమోనని. మార్చుకోలేదు. “నేను చెప్పింది నిజం కాదు. ఆమె చేసేది వారానికి ఇరవై గంటలే. ఇంకో పని లేదు. ఆ రోజు మా ఇంట్లో నిద్రపోయి లేచి వచ్చింది,” అని చెప్పి సంతకం పెట్టాడు. వాళ్లు సరేనన్నారు. ఆ మాట వరకు ఆయన్ని తప్పుపట్టను.

కేర్ హోమ్ మేనేజర్ మాత్రం ఒప్పుకోలేదు. ముసలివాళ్ల కొడుకులూ కూతుళ్లూ ఆ ప్రోగ్రాం విని, నిద్రలేని మనిషి చేతిలో మా అమ్మను పెట్టారా అని ఫోన్ల మీద ఫోన్లు చేశారట. “రేడియోలో చెప్పింది రేడియోలోనే సరిదిద్దాలి, అంతవరకు నేను పని ఇవ్వలేను” అంది. ఆ రెండు రాత్రుల పని లేకపోతే మధులిక ఈ దేశంలో నెల కూడా నెట్టుకురాలేదు. చదువు మధ్యలో వదిలేసి పోవలసిందే.

బుధవారం ఆరింటికి మా ఆయన ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టించాను. ఆ అమ్మాయి ఎత్తింది.

“చలపతీ! ఎంత కోపంగా ఉన్నారు, లవ్?”

“కోపం లేదు. పోయిన వారం నేను చెప్పిన మాట అబద్ధం. దాన్ని సరిదిద్దాలి.”

“సరే లవ్, వీలైతే చూస్తాం, లైన్లో ఉండండి” అంది. సంగీతం వేశారు. మా ఆయన సోఫా అంచున నిటారుగా కూర్చున్నాడు. పక్కన రేడియోలో ఎవడో పెనాల్టీ గురించి గొంతు చించుకుంటున్నాడు. ఇంకొకడు మేనేజర్ని తిడుతున్నాడు. మధ్యలో సంగీతం ఆగితే మా ఆయన గొంతు సవరించుకునేవాడు. మళ్లీ సంగీతం. చివరికి డెరెక్ అందరికీ శుభరాత్రి చెప్పి వెళ్లిపోయాడు. ఫోన్ దానంతటదే కట్ అయింది. అబద్ధానికి అర నిమిషంలో దారి దొరికింది. నిజానికి పూట మొత్తం తలుపు తియ్యలేదు. నాకు డెరెక్ మీద, ఆ ఫోనెత్తే అమ్మాయి మీద, ఈ ఊళ్లో చెవులున్న ప్రతి మనిషి మీద కోపం వచ్చింది.

తర్వాతి బుధవారం ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫోన్ నా చేతిలో ఉంది.

“ఎంత కోపంగా ఉన్నారు, లవ్?”

“నేను చలపతి భార్యను,” అన్నాను. “నాకు ఆయనంటే మండిపోతోంది. డెరెక్ అంటే మండిపోతోంది. నీమీద కూడా.”

వెంటనే కలిపేశారు. డెరెక్ అప్పుడే నవ్వుతున్నాడు. మొగుడూ పెళ్లాల గొడవ దొరికిందనుకున్నాడు. నవ్వడం అయ్యేదాకా ఆగాను.

“నా భర్త ఈ ప్రోగ్రాంలో అబద్ధం చెప్పాడు. మధులిక పనిచేసేది వారానికి ఇరవై గంటలు. నలభై కాదు. ఆట రోజు ఆమె మా ఇంట్లో తొమ్మిది దాకా నిద్రపోయింది. నేనే లేపాను. గోల్ ఎందుకు పోయిందంటే బంతి చేజారింది కాబట్టి పోయింది. ఈ మాట చెప్పడానికి నా భర్త పోయిన వారం మీ ప్రోగ్రాం అయ్యేదాకా లైన్లో ఉన్నాడు. కోపంగా లేడని మీరు కలపలేదు. ఆయన అబద్ధం వల్ల ఒక పిల్ల పని పోయింది. మీరు నిజాన్ని లైన్లో కూర్చోబెట్టారు. ఇప్పుడు నేను చెప్పిందంతా మీ నోటితో మళ్లీ చెప్పండి. చెప్పేదాకా నేను పెట్టను.”

డెరెక్ నవ్వు ఆగిపోయింది. ఇరవై అన్నాడు. నిద్రపోయింది అన్నాడు. క్షమించమన్నాడు.

ఆ తర్వాత జరిగింది ఇప్పుడే చెప్పేస్తాను. మరుసటి వారం మధులికకు ఆ రెండు రాత్రుల పని మళ్లీ ఇచ్చారు. ఆ సంగతి నాకు మెసేజ్ పెట్టింది. మా ఆయనకు పెట్టలేదు. మా ఇంటికి మళ్లీ రాలేదు. రమ్మని అడిగే మొహం నాకూ లేదు.

కానీ నా కోపం తీరకపోవడానికి కారణం అది కాదు. ఆ రోజు నేను ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను. మా ఆయన గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. దగ్గరికొచ్చాడు. ఆ పిల్ల గురించి ఏమైనా అడుగుతాడనుకున్నాను. కనీసం నా గురించి.

“పార్వతీ,” అన్నాడు మెల్లగా, “నీకు అంత తొందరగా ఎట్ల కలిపినారు?”